పసుపు మరక ఉన్న వంద నోటు

మా చిన్నాన్న కూలి డబ్బులు పంచేది మా కొట్టు అరుగు మీదే. శనివారం సాయంత్రం చీనీ (బత్తాయి) తోటలో పని ముగిశాక పది పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చి అరుగు చుట్టూ కూర్చుంటారు. ఆయన దగ్గర ఏనాడూ చిల్లర ఉండదు. అయిదువందల నోట్లు నాకిచ్చి వందలూ యాభైలూ తీసుకుంటాడు. పోయిన నెలలో ఒక శనివారం నేనిచ్చిన వందల్లో ఒక నోటు అంచుకు పసుపు అంటుకుంది. అప్పుడే పసుపు పొట్లం కట్టి, చెయ్యి తుడుచుకోకుండా నోట్లు లెక్కపెట్టాను. ఆరున్నరకు ఆ నోటు చిన్నాన్న చేతికి వెళ్ళింది. ఏడుంపావుకు మళ్ళీ నా గల్లాలో ఉంది. తెచ్చింది చింతచెట్టు ఇంటి వదిన. అర కిలో కందిపప్పు, ఆరు గుడ్లు తీసుకుని, ఆ వంద మీద రెండు రూపాయల బిళ్ళ పెట్టి వెళ్ళింది.

సోమవారం సరుకు కోసం అనంతపురం వెళ్ళినప్పుడు ఆ నోటు హోల్‌సేలు షావుకారుకు ఇచ్చాను. ఆయన నా కళ్ళ ముందే దాన్ని బస్తాలు దించిన హమాలీ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఎటు పోయిందో చూడలేదు. కానీ రెండు రోజుల్లో అదే వంద రూపాయలు వదినకు కూలి అయింది, నాకు బేరమైంది, షావుకారుకు బేరమైంది, హమాలీకి మళ్ళీ కూలి అయింది. డిగ్రీలో మా ఆర్థికశాస్త్రం మాస్టారు 'గుణకం' అని బోర్డు మీద రాసి, 'ఉపాంత వినియోగ ప్రవృత్తి' అన్న మాటను మాచేత బట్టీ పట్టించారు. పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి. గుణకమంటే ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయమవుతూ పోవడమనీ, ఆ రెండో మాట అదనంగా వచ్చిన రూపాయిలో ఎంత ఖర్చు పెడతామన్న లెక్క అనీ గల్లా దగ్గర కూర్చున్నాకే తెలిసింది.

మాది అనంతపురం జిల్లాలో నార్పల వైపు ఒక చిన్న ఊరు. మా నాన్న 1987లో పెట్టిన కిరాణా కొట్టును ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కూలి పెరిగిందంటే ధరలు పెరుగుతాయనీ, పెట్టుబడి పోతుందనీ, పనివాళ్ళు దొరకరనీ పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వింటూనే ఉన్నాను. అందులో కొంత నిజముంది, దాని సంగతి కిందకు వస్తాను. కానీ నా కొట్టులో నేను చూసింది మరొకటి ఉంది. అన్నిటికంటే తక్కువ సంపాదించేవాళ్ళ కూలి పెరిగినప్పుడు ఆ డబ్బు ఊళ్ళోనే తిరుగుతుంది, ఊరంతా కాస్త తేరుకుంటుంది. ఆ కూలి నిలిచిపోయినప్పుడు పైన ఎంత సంపద పోగైనా మా వీధి దాకా రాదు.

ఈ ఉగాదికి ముందు అటక దులుపుతుంటే నాన్న రాసిన పాత ఖాతా పుస్తకాలు దొరికాయి. ఎర్ర అట్టతో, నిలువుగా పొడుగ్గా ఉండే పుస్తకాలు. నాన్న ఎవరి పేర్లూ రాసేవాడు కాదు. 'చింతచెట్టు ఇల్లు', 'బావి వీధి అవ్వ', 'గొర్రెల తాత' అని గుర్తులు పెట్టుకునేవాడు. 2005 పుస్తకంలో చింతచెట్టు ఇంటి పేజీ తీస్తే ఆ యేడు వాళ్ళ పొయ్యి మీద ఏమి ఉడికిందో తెలుస్తుంది. 'ఉప్పు అర కిలో. నూనె 50 గ్రాములు. బెల్లం 2 రూ. ఎండుమిరప 3 రూ. నూనె 50 గ్రాములు. చింతపండు 2 రూ.' నూనెను గ్రాముల్లో, బెల్లాన్ని రూపాయల్లో కొంటున్నారంటే ఏ పూటకాపూట చేతిలో ఉన్నదాన్ని బట్టి వండుకుంటున్నారని. కందిపప్పు ఒక నెల మొత్తంలో రెండుసార్లు, పావు కిలో చొప్పున కనిపిస్తుంది. తేదీలు చూస్తే రెండూ పండగ రోజులే. పేజీ అడుగున బాకీ 640 రూపాయలు. అప్పట్లో మా ఊళ్ళో వేరుశనగ పీకే రోజుల్లో కూడా ఆడవాళ్ళ కూలి 40 రూపాయలు దాటేది కాదు. అంటే ఆ బాకీ పదహారు రోజుల కూలి.

మరుసటి యేడు, 2006 ఫిబ్రవరి 2న, మా నార్పల మండలంలోని బండ్లపల్లికి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది అక్కడే. నేను సైకిలు మీద వెళ్ళి జనంలో నిలబడి చూశాను. ఆ రోజు నా ధ్యాసంతా హెలికాప్టర్ మీదే ఉంది. మా దగ్గర దాన్ని ఎవరూ ఉపాధి హామీ అనరు, 'కరువు పని' అంటారు. మొదట్లో రోజుకు 80 రూపాయలు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే రేటు. చేసిన పని కొలతల లెక్క కాబట్టి చేతికి వచ్చేది అంతకు తగ్గిన రోజులూ ఉన్నాయి. అయినా 40 రూపాయలకు కలుపు తీసిన చేతులకు అది ఎంత తేడానో వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో, అసలు పనే ఉండని నెలల్లో, అది దొరికింది.

2006 పుస్తకంలో అదే ఇంటి పేజీ నాకు చాలా విషయాలు నేర్పింది. ఏప్రిల్, మే నెలల్లో సరుకు ఏమీ పెరగలేదు. ఉప్పు, నూనె, బెల్లం అలాగే ఉన్నాయి. పెరిగింది కుడి వైపున ఉండే జమ వరుస. 'జమ 50. జమ 100. జమ 50. జమ 120.' కూలి పెరిగిన మనిషి ముందు చేసే పని అప్పు తీర్చడం. ఆదాయం పెరగగానే ఖర్చు పెరుగుతుందని అనుకునేవాళ్ళు ఈ మొదటి మెట్టును చూడరు. బయటివాళ్ళకు అది ఖర్చుగా కనిపించదు, కానీ ఆ ఇంటికి తల ఎత్తుకుని నడిచే దారి అదే. జూన్‌లో బాకీ సున్నా అయింది. బడులు తెరిచిన వారంలో 'పలక 1, నోటు పుస్తకాలు 4' అని ఉంది. నూనె 50 గ్రాముల నుంచి పావు కిలోకు వచ్చింది. ఆగస్టు నాటికి కందిపప్పు వారం వారం కనిపిస్తుంది. వినాయక చవితి ముందు ఒక పంక్తి ఉంది: 'తల నూనె సీసా 1'. అంతకు ముందు రెండేళ్ళ పేజీల్లో ఆ మాట లేదు. ఆ పంక్తి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నలుగురు ఆడపిల్లలున్న ఇల్లు అది.

ఊళ్ళో ఇంకేమి మారిందంటే, మా నాన్నకు రావలసిన బాకీలు వసూలయ్యాయి. దాంతో ఆయన షావుకారు దగ్గర అరువు మానేసి రొక్కానికి సరుకు తెచ్చాడు. రొక్కానికి తెస్తే రేటు తగ్గుతుంది. 2008లో మొదటిసారి ఫ్రిజ్ కొన్నాడు, పాల ప్యాకెట్లు అమ్మడం మొదలుపెట్టాం. ఎదురింటి దర్జీ రెండో మిషను వేసి తన మేనల్లుడిని పనిలో పెట్టుకున్నాడు. బస్సు ఆగే చోట బోండాలు వేసే ఆమె బండి పక్కన రేకుల పాక లేచింది. వీళ్ళలో ఎవరూ కరువు పనికి వెళ్ళినవాళ్ళు కాదు, కానీ అందరికీ ఆ డబ్బు చేరింది. నేను అమ్మే ప్రతి సబ్బులోనూ పన్ను ఉంటుంది కాబట్టి ప్రభుత్వం ఇచ్చినదాంట్లో కొంత తిరిగి ప్రభుత్వానికే వెళ్ళింది.

రైతులు కూడా కూలి పెంచక తప్పలేదు. 80 రూపాయలు దొరికే పని పక్కన ఉంటే 40కి ఎవరు వస్తారు? ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు పల్లెల్లో కూలి ధరలకంటే వేగంగా పెరిగింది. మా ఊళ్ళోనే కాదు, దేశమంతటా అదే జరిగింది. పుస్తకాల్లో దీన్ని నిజ వేతనం అంటారు, అంటే చేతికి వచ్చిన రూపాయలు కాకుండా వాటితో కొనగలిగిన సరుకు. నేను దాన్ని కందిపప్పుతో కొలుస్తాను. 2006లో మా కొట్టులో కందిపప్పు కిలో 32. పొలం పనికి వెళ్ళే ఆడమనిషి రోజు కూలితో కిలోంపావు వచ్చేది. ఇప్పుడు కిలో 120, కూలి 400. మూడు కిలోల పైన వస్తుంది. ఆ తేడా ఆ పిల్లల ఒంట్లో కనిపిస్తుంది. అదే కొలతను కరువు పనికి పెట్టి చూస్తే బాధేస్తుంది. 80 రూపాయలకు అప్పుడు రెండున్నర కిలోలు. 2025-26లో మన రాష్ట్రంలో ప్రకటించిన కూలి 307. దానికి ఇప్పుడూ రెండున్నర కిలోలే. ఇరవై ఏళ్ళలో కాగితం మీద దాదాపు నాలుగు రెట్లు పెరిగిన కూలి, పప్పు డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఉన్నచోటే ఉంది.

కూలి పెరిగిన ఇంట్లో తిండి మారే తీరు కూడా చెప్పాలి. 1857లోనే ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త చెప్పాడు, ఆదాయం పెరిగే కొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం చేసే గృహ వినియోగ సర్వేలో పల్లెల్లో ఆ వాటా 2011-12లో 53 శాతానికి దగ్గర. 2023-24కు 47 శాతం. ధాన్యాల వాటా అయితే 10 శాతం పైనుంచి 5 శాతానికి పడిపోయింది. రేషను బియ్యం కూడా అందుకు ఒక కారణం. నేను బియ్యం బస్తాలు పెట్టే మూలలో ఇప్పుడు గుడ్ల అట్టలు, బిస్కెట్ల పెట్టెలు, పిల్లల డైపర్లు ఉన్నాయి. ఆ బిస్కెట్లు చూసి సంతోషపడలేను. పప్పుకు ఇచ్చిన డబ్బు పిల్లలకు బలం, రంగు ప్యాకెట్లకు ఇచ్చింది కాదు. కానీ ఆ ప్యాకెట్లను నేనే వేలాడదీశాను, అందుకే వాటిని కళ్ళకు ఎదురుగా కాకుండా పక్క గోడకు మార్చాను.

ఇక జీతం పెరగడమంటే అందరి విషయంలో ఒకటే కాదు. మా బావ ప్రభుత్వ ఉపాధ్యాయుడు. 2015లో వేతన సవరణ (పీఆర్సీ) కింద ప్రభుత్వం 43 శాతం ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, ఇచ్చినప్పుడు వాళ్ళింట్లో పండగ. మంచిదే, ఆయన కష్టజీవి. ఆ డబ్బుతో అనంతపురంలో ఇంటి స్థలానికి అడ్వాన్సు కట్టాడు, అక్కకు రెండు గాజులు చేయించాడు, కొడుకును ఇంజనీరింగులో చేర్చాడు. మా కొట్టులో ఆయన ఖాతా ఎంత మారిందని చూస్తే కాఫీ పొడి రకం మారింది, అంతే. ఇదివరకే కడుపు నిండా తింటున్న ఇల్లు అది, జీతం పెరిగిందని ఇంకో ముద్ద తినరు కదా. పెరిగింది స్థలంలోకి, బంగారంలోకి వెళ్ళింది. 2022లో 23 శాతం ఇచ్చినప్పుడు ఆ మాత్రం మార్పు కూడా నాకు కనిపించలేదు. బావను తప్పు పట్టడం లేదు, ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను. కానీ ఒక లక్ష రూపాయలు ఒకే ఇంటికి వెళ్ళడం వేరు, వంద ఇళ్ళకు వెయ్యి చొప్పున వెళ్ళడం వేరు. ఆ వంద ఇళ్ళ డబ్బు వారం తిరిగేలోపు నా వీధిలో మూడు చేతులు మారుతుంది.

ఇప్పుడు చిన్నాన్న మాట. కూలి పెరిగితే ఊరికి మంచిదని నేనన్నప్పుడల్లా ఆయన ముఖం ఎర్రబడుతుంది. "నీకు బేరం నాయనా, నాకు ఖర్చు. వాళ్ళ కూలి పెంచాలని నాకూ ఉంది. నా పంటకు రేటు ఎవరు పెంచుతారు?" అంటాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే లెక్క ఆయన వైపే ఉంది. వేరుశనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2006-07లో క్వింటాలుకు 1,520 రూపాయలు. 2025-26లో 7,263. అయిదు రెట్లు కూడా కాలేదు. అదే కాలంలో మా ఊళ్ళో ఆడవాళ్ళ కూలి పది రెట్లయింది. నడుమ నలిగింది రైతు. అందుకే ఆయన వేరుశనగ తగ్గించి చీనీ చెట్లు పెట్టాడు. మిగిలిన మూడెకరాల్లో కాయలు వలవడానికి మిషను తెప్పిస్తాడు. మిషను వచ్చిన రోజు ఇరవై మందికి పని ఉండదు. కూలి రేటు పెరిగి పని దినాలు తగ్గితే నెల చివర ఇంటికి చేరేది ఎంత? ఈ ప్రశ్న వేయకుండా కూలి పెరగాలని ఊరికే అనడం నాకు ఇష్టం లేదు. కూలి తగ్గించడం దీనికి మందు కాదు. చిన్నాన్న కాయలకు గిట్టుబాటు ధర రావాలి, అప్పుడు ఆ అరుగు మీద పంచే డబ్బు ఆయనకు భారం కాదు.

2014 తర్వాతి పుస్తకాలు నేను రాసినవే. వాటిని తిరగేస్తే మళ్ళీ బాకీలు పెరగడం కనిపిస్తుంది. కూలి రూపాయల్లో పెరుగుతూనే ఉంది, ధరలు దాన్ని మింగేస్తూ వచ్చాయి. 2015 చివర్లో కందిపప్పు కిలో 200 దగ్గరికి పోయింది, ఆ రెండు నెలలు నేను పప్పును వంద గ్రాముల పొట్లాలు కట్టాను. 2016 నవంబరులో పెద్ద నోట్లు ఆగిపోయాక మూడు వారాలు చిన్నాన్న కూలి పంచలేకపోయాడు, ఊరంతా నా ఖాతా మీదే నడిచింది. 2020 సంగతి అందరికీ తెలుసు. బెంగుళూరులో కట్టుబడి పనికి పోయిన మగవాళ్ళంతా వెనక్కి వచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిలు ఎగుమతి ఆపినప్పుడు లీటరు ప్యాకెట్లు కదల్లేదు, అర లీటరువి చాలలేదు. చేతిలో డబ్బు బిగిసినప్పుడు జనం కొనడం మానరు, చిన్నది కొంటారు. షాంపూ సీసా నుంచి రూపాయి ప్యాకెట్‌కు, పాలు లీటరు నుంచి అర లీటరుకు దిగుతారు. కంపెనీలకు ఇది తెలుసు. అందుకే అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ అయిదు రూపాయలకే ఉంచి లోపల తూకం తగ్గిస్తాయి. 2025 సెప్టెంబరులో సబ్బులు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు నా కొట్టులో పెద్ద సైజులు కొంచెం కదిలాయి. తగ్గిన ధర కూడా ఒక రకంగా పెరిగిన కూలే. కానీ అది ఒకసారి వచ్చేది. యేటా రావలసింది కూలి పెరుగుదలే.

ప్రతి మంగళవారం ఒక కంపెనీ తరపున సరుకు ఆర్డర్లు రాసుకునే కుర్రాడు వస్తాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి. "అన్నా, ఈ నెల టార్గెట్ రాలేదు, ఇంకో రెండు పెట్టెలు తీసుకోండి" అని బతిమాలతాడు. నాలుగేళ్ళ క్రితం చేరినప్పుడు 14,000 జీతం. ఇప్పుడు 15,500. పెట్రోలు, అద్దె, చెల్లెలి ఫీజు అన్నీ అందులోనే. తాను అమ్మే పెద్ద సీసా షాంపూ అతనింట్లో వాడరు, రూపాయి ప్యాకెట్టే వాడతారు. అతనే చెప్పాడు. 2024-25 ఆర్థిక సర్వే చదివితే నాకు అతనే గుర్తొచ్చాడు. 2023-24లో దేశంలోని పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగాయి, ఉద్యోగాల పెరుగుదల 1.5 శాతమేనని కేంద్ర ప్రభుత్వపు సర్వేనే రాసింది. దేశపు స్థూల ఉత్పత్తిలో దాదాపు 60 శాతం జనం ఇళ్ళకు చేసే ఖర్చే. ఆ ఖర్చు చేయవలసిన మనిషి జీతం ఆపి, సరుకు ఎందుకు కదలడం లేదని అతన్నే అడుగుతున్నారు.

ఇంత రాస్తున్న నేను కూడా ఒకరికి జీతం ఇచ్చేవాడినే. మా కొట్టులో పనిచేసే అబ్బాయికి మూడేళ్ళుగా నెలకు 8,000 ఇస్తున్నాను. పాత పుస్తకాలు చదివిన వారంలో నా భార్య ఒక మాట అడిగింది: "వాడి జీతాన్ని కందిపప్పుతో కొలిచావా?" కొలవలేదు. ఉగాది నుంచి 10,000 చేశాను. ఏడాదికి 24,000 అదనం, మా కొట్టుకు అది చిన్న మాట కాదు. కొంత ఆదివారం సాయంత్రాలు తెరవడంతో వస్తుంది, ఇంకొంత మా ఇంటి ఖర్చులోంచే తగ్గించుకోవాలి. ఆ అబ్బాయి మొదటి రెండు నెలలూ వాళ్ళమ్మ పేరున మా దగ్గర ఉన్న బాకీ కట్టాడు. మూడో నెల వాళ్ళమ్మకు కళ్ళజోడు చేయించాడు. ఆమె ఇప్పుడు ధర చదివి సరుకు తీసుకుంటుంది, నిన్న నూనె ప్యాకెట్ మీద తేదీ అయిపోయిందని నాకు చూపించింది.

ఇది రాస్తుండగానే చిన్నాన్న ఫోను చేశాడు. రేపు శనివారం. పదకొండు మంది, అయిదు రోజుల పని, మొత్తం 22,000. ఈసారి నోట్లు ముందే సర్ది ఉంచమన్నాడు. వందలు చాలినన్ని లేవు, బోండాల పాక ఆమె దగ్గర ఉంటాయి. కొట్టు మూసేలోపు వెళ్ళి తెచ్చుకోవాలి.